ఏటికొప్పాక వెళ్లి నా దుపట్టా సంగతి తేల్చుకొచ్చా

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మిద్దె మీద, బట్టలకి సహజ రంగులు వేసుకుందామని రెండేళ్ల నుంచి బంతి, నీలి మొక్కలు పెంచుతున్నా. బంతిపూల పసుపు బాగానే వచ్చింది, నీలి ఆకు నానబెట్టిన కంపుకి మాత్రం కింద వాటా ఆంటీ పైకొచ్చి మరీ ఏంటని అడిగారు. నన్ను నిజంగా ఏడిపించింది జాఫ్రా, అదే నారింజ రంగిచ్చే గింజలు. పొందూరు ఖాదీ దుపట్టా ఆ గింజలతో ఉడకబెడితే తీసినప్పుడు పండు నారింజ, నాలుగు రోజులు ఎండలో ఆరేసరికి చారలు చారలుగా వెలిసిపోయింది.

సంక్రాంతి అయిన వారం పిన్నిని వెంటేసుకుని ఏటికొప్పాక బయల్దేరా. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, ఎలమంచిలి దాటాక అడ్డరోడ్డులో దిగి ఆటో. 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన లక్కబొమ్మల ఊరు కదా, అక్కడి ఎరుపు నారింజలు జాఫ్రావేనని విని, వాళ్లకెలా నిలుస్తోందో అడుగుదామని.

ఓ పెద్దాయన లేత్ మీద అంకుడు కర్ర తిప్పుతున్నారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకి ఆనించి నొక్కితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తోంది, మీద మొగలి ఆకుతో రుద్దగానే అద్దంలా నిగనిగ! నేను ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయా. తర్వాత బ్యాగులోంచి దుపట్టా తీసి చూపించా.

"ఏటమ్మా, జాఫ్రా ఏసి ఎండలో ఆరేసినావేటి? అది ఎండకి ఆగదు. మాదంటే లక్కలో ఉండిపోద్ది, బొమ్మ ఇంట్లో ఉంటాది. బట్ట అలా కాదు గదా."

అంతే, రెండేళ్ల నా తెలివి అక్కడితో సరి.

అసలు విషయం తిరుగు బస్సులో బయటపడింది. పిన్ని పుట్టిల్లు పెడన, చిన్నప్పుడు కలంకారీ వాళ్ల ఇళ్ల మధ్యే పెరిగింది. "ముందు నేత గంజి పోయేదాకా ఉతికావా? ఉతకలేదా? చారలు దానివల్లేనే. తర్వాత కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి ముంచాలి, పటిక పెట్టాలి, అప్పుడు మంజిష్ఠ వేళ్లతో ఉడికిస్తే ఎరుపు కూర్చుంటుంది" అంది తాపీగా, బఠానీలు తింటూ. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే "నువ్వు యూట్యూబ్ చూస్తున్నావుగా" అంది!

పూర్ణా మార్కెట్ దగ్గర దిగి మంజిష్ఠ అరకిలో అడిగా.

"ముఖానికా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"దుపట్టాకి" అంది పిన్ని.