ముత్యం మీద ఫోకస్ ఎక్కడ పెట్టాలి? నా అనుభవం

హైదరాబాద్ పత్తర్‌గట్టి ముత్యాల వ్యాపారి ఒకాయనకి మాక్రో (అతి దగ్గరి) ఫొటోలు తీసిచ్చే పని ఇవాళే పూర్తయింది. విడి ముత్యాలు, గుచ్చిన దండలు, కొన్ని లక్క గాజులు. చుక్కలు చూపించింది మాత్రం ముత్యమే. మళ్లీ మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

గాజుల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. గాజును బల్ల మీద పడుకోబెట్టి, సెన్సర్ దానికి సరిగ్గా సమాంతరంగా ఉండేలా కెమెరాను నిటారుగా కిందికి చూసేలా పెట్టాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:3 సైజుకి (సెన్సర్ మీద బొమ్మ అసలు వస్తువులో మూడో వంతు) ఎఫ్11 పెడితే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై, పదునుగా వచ్చే మందం పెరుగుతుంది) దాదాపు 8 మి.మీ. మందం వరకు పదునుగా వస్తుంది. ఒక్క షాట్ చాలు.

1:1కి, అంటే బొమ్మ వస్తువంతే ఉండే సైజుకి, వెళ్లేసరికి లెక్క మారిపోతుంది. ఎఫ్8లో మనకు దక్కేది సుమారు 1 మి.మీ. మాత్రమే. ఎఫ్2.8లో అయితే అందులో మూడో వంతు. 6 మి.మీ. ముత్యానికి ముందు సగమే 3 మి.మీ. లోతుంటుంది. "ఎఫ్22 పెట్టండి సార్, అంతా వచ్చేస్తుంది" అని కోఠీలో నాకు ఫోకస్ రెయిల్ (కెమెరాను కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరిపే పట్టా) అమ్మినాయన సలహా. దయచేసి వినకండి. 1:1లో ఎఫ్22 అంటే పనిలో దాదాపు ఎఫ్44. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అంతా చేసి వచ్చేది రెండున్నర మి.మీ. పైచిలుకే, ముత్యానికి అదీ చాలదు. కాబట్టి ఎఫ్5.6లో ముక్కలుగా తీసి స్టాక్ చేయడమే (వాటిని సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫొటోగా కలపడమే) దారి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లైవ్ వ్యూని (కెమెరా తెర మీది బొమ్మని) 10 రెట్లు పెద్దది చేసి చూస్తే ముత్యం మీద పదునుగా కనిపించే గీత ఒక్కటే ఉంటుంది: లైటు మెరుపు అంచు. కన్నూ, ఫోకస్ పీకింగూ (పదునైన అంచులకి కెమెరా రంగు వేసి చూపే సౌకర్యం) రెండూ దాన్నే పట్టుకుంటాయి. ఫొటో తీసి చూస్తే మెరుపు అంచు కత్తిలా ఉంటుంది, ముత్యం పైపొర మాత్రం మసకగా ఉంటుంది. లెన్స్‌ది తప్పు కాదు. ముత్యం ఒక కుంభాకార దర్పణం. దూరంగా ఉన్న లైటు ప్రతిబింబం దాని పైపొర మీద ఉండదు, వ్యాసార్థంలో సగం లోపల ఉంటుంది. 6 మి.మీ. ముత్యానికి అది 1.5 మి.మీ. ఎఫ్5.6లో పదును మందం మొత్తం 0.7 మి.మీ. కూడా లేదు. మెరుపు మీద ఫోకస్ పెడితే పైపొర తప్పిపోక ఏమవుతుంది?

నేను పట్టిన దారి ఇది. ముత్యానికి కెమెరా వైపు అన్నిటికన్నా ముందున్న చోట సన్నని దూది పోగు ఒకటి ఆనిస్తాను. రెయిల్ జరుపుతూ ఆ పోగు మీద ఫోకస్ తెచ్చి, రెయిల్ స్కేలు మీద అంకె రాసుకుంటాను. బ్లోయర్‌తో పక్కనుంచి మెల్లగా ఊది పోగు తీసేస్తాను. ముత్యం కదలకుండా కింద మ్యూజియం మైనం (వస్తువులు కదలకుండా అంటించే మైనం) చుక్క ఉండాలి. రాసుకున్న అంకెకి అర మి.మీ. ముందు నుంచి మొదలుపెట్టి, 3 మి.మీ. వెనక వరకు, 0.4 మి.మీ. చొప్పున పది ఫ్రేములు. రెయిల్ చక్రం ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. వెనక్కి తిప్పితే మరలో ఉన్న లూజు వల్ల అంకె ఒకటి, కెమెరా ఉన్న చోటు ఇంకొకటి అవుతుంది. ఫ్యాన్ బంద్. మన ఎండాకాలంలో అది నరకమే, కానీ వేలాడే దండకి ఆ గాలి చాలు, పది ఫ్రేములూ పాడవుతాయి.

ఇంతా చేశాక స్టాకింగ్‌లో అదే దెయ్యం మళ్లీ వస్తుంది. లోపలి ఫ్రేముల్లో మెరుపు అంచు పదునెక్కుతుంది కదా, సాఫ్ట్‌వేర్ దాన్నే వివరం అనుకుని ఏరుకుంటుంది. ముత్యం నడిమధ్యలో పైపొర పోయి చుట్టూ వలయం పడుతుంది. జెరీన్ స్టాకర్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పీమ్యాక్స్, డీమ్యాప్ అని రెండు కలిపే పద్ధతులున్నాయి; పీమ్యాక్స్‌తో ఇది మరీ ఎక్కువ. డీమ్యాప్‌తో తీసి, దండ దారం నూగు ఉన్న చోట మాత్రమే పీమ్యాక్స్ నుంచి బ్రష్‌తో అద్దాలి. ముత్యం మధ్య భాగాన్ని ముందు ఫ్రేముల నుంచి అద్దాలి.

అంతకన్నా మంచిది, మెరుపుకి గట్టి అంచే లేకుండా చేయడం. డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే) గుడ్డను ముత్యానికి బాగా దగ్గరగా తెచ్చి, ఫ్లాష్‌ను గుడ్డకి దూరంగా జరపకుండా మధ్యలో వెలుగు ఎక్కువగా, అంచులకి పోనుపోను తగ్గేలా పెట్టండి. మెరుపు నీళ్లలో పాలచుక్కలా కరిగిపోతుంది, సాఫ్ట్‌వేర్‌కి పట్టుకోడానికి గీత దొరకదు. లైటుకీ లెన్స్‌కీ పోలరైజర్లు (మెరుపును ఆపే ఫిల్టర్లు) వేసి మెరుపును పూర్తిగా చంపేవాళ్లున్నారు. ముత్యానికి ఆ పని చేయకండి, నిగారింపు పోతే అది సుద్దముక్కే. కొనేవాళ్లు చూసేదే నిగారింపు.

ఫోకస్ సరిగ్గా కుదిరితే పైపొర మీది చిన్న గుంటలు, గీతలు అన్నీ బయటపడతాయి. వాటిని తుడిచేయమని కొందరు అడుగుతారు. దుమ్ము తుడుస్తాను, గుంట తుడవను. డబ్బు పెట్టి కొనే మనిషికి తన ముత్యం ఎలా ఉందో తెలియాలి.