పాడిందే పాడరా, 77 నిమిషాలు

మెటాలికా అనే అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ గురించి ఇలాంటి పోస్టు రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు, కానీ రెండు వారాల నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా, ఇంక నా వల్ల కాదు. వాళ్ళ '72 సీజన్స్' ఆల్బమ్ 2023 ఏప్రిల్ 14న వచ్చింది. 2016లో వచ్చిన 'హార్డ్‌వైర్డ్' తర్వాత కొత్త పాటలతో మళ్ళీ ఇదే, అంటే దాదాపు ఆరున్నరేళ్ళు. అర్ధరాత్రి పన్నెండింటికి యాప్‌లో పడగానే లైట్లు ఆపేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలని వారం ముందు నుంచే ప్లాను. తీరా ఆ రోజు పదకొండున్నరకే నిద్రపట్టేసింది, వయసు మరి, అది వేరే సంగతి.

పొద్దున్నే లేచేసరికి అక్క ఫోను, బావ దుబాయ్ నుంచి వస్తున్నాడు, శంషాబాద్ వెళ్ళి తీసుకురారా అని. అంబేద్కర్ జయంతి, సెలవు, తప్పించుకోడానికి వంక కూడా లేదు. పైగా ఆ రోజే సెక్రటేరియట్ పక్కన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఓపెనింగు, సిటీలోంచి వెళ్ళి ఎక్కడ ఇరుక్కుంటాంలే అని కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా వెళ్ళి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసా. పటాన్‌చెరు, గచ్చిబౌలి మీదుగా శంషాబాద్, రమారమి గంట. మంచిదే కదా, ఖాళీ ఔటర్, కారులో ఒక్కడినే, మెటాలికా కొత్త ఆల్బమ్, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నా.

అసలు నా పిచ్చి ఏ లెవెల్లో ఉండేదో చెప్తే గానీ నా బాధ అర్థం కాదు. 2011 అక్టోబర్ 30, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. ఇంజనీరింగ్ చదువుతున్నాం, నలుగురం ఇంట్లో తలో అబద్ధం చెప్పి బస్సెక్కాం. అంతకు రెండ్రోజుల ముందే ఢిల్లీ వాళ్ళకి గుర్‌గావ్‌లో జరగాల్సిన షో ఆగిపోయింది, కోపంతో జనం స్టేజీ ఎక్కి సామాన్లు పగలగొట్టారు, ఆ వీడియోలు చూస్తూ ఇక్కడ కూడా అయ్యేలా లేదురా అని దారి పొడుగునా ఏడుస్తూనే వెళ్ళాం. అయింది. 'వన్' పాట మొదలయ్యే ముందు చీకట్లో ఆ యుద్ధం చప్పుళ్ళు వినపడుతుంటే నా పక్కనోడు, ముక్కూ మొహం తెలియనోడు, నా చెయ్యి పట్టుకున్నాడు, నేనూ వదల్లేదు. వారం రోజులు గొంతు లేదు నాకు. ఆ రోజు వేసుకున్న టీషర్టు ఇప్పటికీ ఉంది, ఎక్కదు, కానీ ఉంది.

అలాంటి నేను మొన్న ఔటర్ మీద, నార్సింగి దాటేటప్పుడు అనుకుంటా, ఇది ఆరో పాటా ఏడో పాటా అని ఫోన్ వైపు చూసా. తొమ్మిదోది! మధ్యలో రెండు పాటలు ఎప్పుడు అయిపోయాయో కూడా తెలీలేదు. మెటాలికా పాట అయిపోవడం నాకు తెలీకపోవడమేంటి?

సరే, అద్దాలు చూసుకోవాలి, లేన్ మారాలి, ధ్యాసంతా పాట మీద పెట్టలేదేమోలే, తప్పు నాదే అని సర్దిచెప్పుకున్నా. తిరుగు ప్రయాణంలో మళ్ళీ మొదటి నుంచి పెట్టా. మా బావ పక్కా ఇళయరాజా మనిషి, కానీ నోరు మెదపడు, ఎవరి కారులో వాళ్ళ పాట అంటాడు. గచ్చిబౌలి దగ్గరకొచ్చాక మాత్రం మెల్లిగా అడిగాడు.

"ఏరా, ఎయిర్‌పోర్టు నుంచీ ఇదే పాట నడుస్తుందేంటి, చాలా పెద్దదా?"

"బావా, ఇది మూడోది."

"అవునా," అని ఊరుకున్నాడు. పటాన్‌చెరు వచ్చేసరికి గురక. రాత్రంతా ఫ్లైట్‌లో నిద్రలేకపోవచ్చు, ఒప్పుకుంటా, కానీ థ్రాష్ మెటల్ ఫుల్ సౌండ్‌లో మోగుతుంటే మనిషి నోరు తెరిచి పడుకున్నాడంటే అది నిద్ర తప్పు కాదు. ఇక్కడో విచిత్రం, ఆరో పాట 'లక్స్ ఎటెర్నా' మొదలవ్వగానే దిగ్గున లేచాడు. "ఇదేదో బానే ఉందిరా" అన్నాడు. అది మూడున్నర నిమిషాలు కూడా ఉండదు, అయిపోగానే మళ్ళీ తల వాల్చేసాడు. ఆల్బమ్ రిలీజైన రోజు చాలా రివ్యూలు చదివా, ఇంత కరెక్ట్ రివ్యూ ఎవ్వరూ రాయలేదు.

ఆ తర్వాత ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని ఓ పదిసార్లు విన్నా, ఎక్కడ కొడుతుందో చూద్దామని. విడివిడిగా వింటే ఏ పాటా చెత్త కాదు, గొడవంతా అక్కడే. గిటార్ లావు తీగ మీద అరచేయి అంచు ఆనించి కొడితే జుగుజుగుజుగు అని వస్తుంది చూడండి, అదే వీళ్ళ అన్నం పప్పు, దాన్ని ప్రపంచంలో వీళ్ళ సింగర్, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కొట్టినట్టు ఇంకెవడూ కొట్టలేడు. కానీ ఇందులో పన్నెండు పాటల్లో దాదాపు అన్నీ అదే జుగుజుగుతో, ఇంచుమించు అదే స్పీడులో మొదలవుతాయి, ఒక రిఫ్ (తిప్పి తిప్పి కొట్టే గిటార్ ముక్క) నాలుగుసార్లు, పాడటం, మళ్ళీ అదే రిఫ్ నాలుగుసార్లు, మళ్ళీ పాడటం, ఐదో నిమిషంలో రెండో గిటారిస్టు కర్క్ హామెట్ వా-వా పెడల్ తొక్కుకుంటూ వచ్చి గబగబా ఒక సోలో కొట్టి వెళ్ళిపోవడం, ఆపైన మొదటి రిఫ్ మళ్ళీ హాజరు. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అని మా అమ్మమ్మ అనేది, అలా ఉంది. నెమ్మదిగా మొదలయ్యే పాట, క్లీన్ గిటార్‌తో మీటుకుంటూ పైకి లేచే పాట, ఒక్కటంటే ఒక్కటి లేదు. సాహిత్యం కూడా అంతే. పుట్టిన దగ్గర నుంచి పద్దెనిమిదేళ్ళు, అంటే వాళ్ళ లెక్కలో ఏడాదికి నాలుగు చొప్పున 72 రుతువులు, ఆ వయసులో మన మీద పడిన ముద్ర గురించి ఆల్బమ్, ఐడియా ఎంత బాగుంది! తీరా పాటల పేర్లు చూస్తే నీడ, చీకటి, వెలుగు వెంట పరుగు, శాశ్వతమైన వెలుగు. కరెంటాఫీసు లాగా.

పాటలు పెద్దవని నా కంప్లయింట్ కాదు. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఎనిమిదిన్నర నిమిషాలు, ఎవడికైనా బోర్ కొట్టిందా? మధ్యలో ఆ గోలంతా ఆగిపోయి గిటార్ ఒక్కటే ఏడుస్తుంది, దాన్లోంచి మళ్ళీ లేస్తుంది. 'వన్' ఏడున్నర, మెల్లగా మొదలై నాలుగు నిమిషాలు దాటాక డ్రమ్స్ మెషిన్‌గన్‌లా పేలతాయి, అప్పటిదాకా ఆపారు కాబట్టే ఆ పేలుడు. మా బావ భాషలో చెప్పాలంటే, రాజాగారు మొదటి చరణానికి ముందు వయొలిన్లు వాడితే రెండో చరణం ముందు ఇంకేదో తెస్తాడు, అదే ముక్క మళ్ళీ పెట్టడం ఆయనకి నామోషీ. మెటాలికాకి కూడా ఒకప్పుడు ఆ నామోషీ ఉండేది. వీళ్ళ అప్పటి బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు, ఆ మనిషికి శాస్త్రీయ సంగీతం తెలుసు, పాటలో ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలుసు.

ఇంకోటి, అప్పట్లో ఎల్పీ రికార్డు ఉండేది. ఒక్కో వైపు ఇరవై, ఇరవైరెండు నిమిషాలు, అంతకంటే ఎక్కువ కూరితే సౌండు తగ్గుతుంది. 1984లో 'రైడ్ ద లైట్నింగ్' ఎనిమిది పాటలు, 47 నిమిషాలు. 'మాస్టర్' కూడా ఎనిమిదే, 55. సీడీ వచ్చాక 80 నిమిషాల దాకా పడుతుందని తెలిసింది, ఇక 1996 'లోడ్' 79 నిమిషాలు! డబ్బా ఎంతుంటే అంత నింపడమే. మధ్యలో 1991 బ్లాక్ ఆల్బమ్‌కి బాబ్ రాక్ అనే ప్రొడ్యూసర్ జేమ్స్‌తోనూ డ్రమ్మర్ లార్స్‌తోనూ పోట్లాడి మరీ పని చేయించాడు, పాటలూ చిన్నవయ్యాయి, దాని ఫలితం ఏంటో అందరికీ తెలుసు, సూపర్ హిట్. ఇప్పుడు లేబులూ వాళ్ళదే, ప్రొడ్యూసర్ గ్రెగ్ ఫిడెల్‌మన్ పక్కన పేర్లూ వాళ్ళవే, నలభై ఏళ్ళ బ్యాండ్‌కి "అన్నా, రెండో నిమిషం నుంచి నాలుగో నిమిషం దాకా తీసేద్దాం" అని ఎవడు చెప్తాడు? మన సినిమాలకైతే సెకండాఫ్ ల్యాగ్ అని టాక్ రాగానే పదిహేను నిమిషాలు ట్రిమ్ చేసాం అని మూడో రోజుకే పోస్టర్ వేస్తారు. ఆ సౌకర్యం వీళ్ళకి కూడా ఉంటే బావుండు.

మంచి చెప్పకపోతే పాపం. ఈ ఆల్బమ్ వచ్చేనాటికి జేమ్స్‌కి 59 ఏళ్ళు, ఆ గొంతు ఇంకా అలా ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఇప్పటి బేసిస్టు ట్రుహీయో బేస్ గిటార్ చక్కగా వినపడుతోంది, 'జస్టిస్' ఆల్బమ్‌లో బేస్ ఎక్కడుందో వెతుక్కున్న మాలాంటి వాళ్ళకి అదో పండగ. 'డెత్ మాగ్నెటిక్' ఆల్బమ్ లాగా చెవులు చిల్లులు పడే మిక్సింగూ కాదు. ఇక అన్నిటికంటే నవ్వొచ్చేది, చివరి పాట 'ఇనామొరాటా' పదకొండు నిమిషాల పైనే, వాళ్ళు అప్పటిదాకా సొంతంగా చేసిన పాటల్లోకెల్లా పెద్దది, ఆల్బమ్ మొత్తంలో నాకు సాగదీసినట్టు అనిపించనిది అదొక్కటే! మధ్యలో గిటార్లు తప్పుకుంటాయి, బేస్ ఒక్కటే నడుస్తుంది, వెనక డ్రమ్స్ ఏదో తట్టీ తట్టనట్టు. అక్కడ కారులో ఏసీ చప్పుడు వినపడింది నాకు. గంట పైగా అయ్యాక మొదటిసారి. అంటే వీళ్ళకి ఆగడం వచ్చు, వచ్చి కూడా పదకొండు పాటల పాటు ఆగలేదు, నా కోపమంతా దాని మీదే.

మొన్న ఆదివారం కూర్చుని నేనే ట్రిమ్ చేసా. లక్స్ ఎటెర్నా, స్క్రీమింగ్ సూసైడ్, యూ మస్ట్ బర్న్, రూమ్ ఆఫ్ మిర్రర్స్, ఇనామొరాటా. ఐదు పాటలు, 33 నిమిషాలు కూడా లేవు, మంచి ఆల్బమ్ అండీ బాబూ. ప్లేలిస్ట్‌కి 'బావ లేచిన పాటలు' అని పేరు పెట్టా, నిజానికి లేచింది ఒక్క దానికే. వచ్చే నెల బావ తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ నేనే ఎయిర్‌పోర్టులో దించాలి, మిగతా నాలుగింటి సంగతి అప్పుడు తేలుతుంది.