నా కరౌసియస్ నాణెం నకిలీ కాదు

నిన్న సాయంత్రం ఖాయమైంది. మూడు వారాల టెన్షన్ నిన్నటితో తీరింది. అందుకే వేడి మీదే రాసేస్తున్నాను.

ఇంగ్లాండ్ వచ్చి తొమ్మిదేళ్లయింది. రెండేళ్ల కిందట టాంటన్ మ్యూజియంలో ఫ్రోమ్ నిధిని చూసినప్పటి నుంచి రోమన్ నాణేల మీద మనసు పడింది. 2010లో డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుండగా ఒక పొలంలో దొరికిన కుండ అది. ఆ ఒక్క కుండలో 52,503 నాణేలున్నాయి. కుండ కనపడగానే ఆయన ఆశపడి పెళ్లగించలేదు. తవ్వడం ఆపి పురావస్తు నిపుణులకు చెప్పాడు. ఆ మనిషికి దణ్ణం పెట్టాలి. ఆ కుండలోని నాణేల్లో ఏడు వందలకు పైగా కరౌసియస్‌వే.

ఈ కరౌసియస్ ఓ రోమన్ నౌకాదళాధిపతి. సముద్రపు దొంగలను పట్టుకుని, దోచిన సొమ్మును తనే ఉంచేసుకుంటున్నాడని మాక్సిమియన్ చక్రవర్తి అతనికి మరణశిక్ష వేశాడు. అతను క్రీ.శ. 286లో ఎదురు తిరిగి, బ్రిటన్‌కు తనే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. ఏడేళ్లు ఏలాడు. 293లో తన కింద పనిచేసిన అలెక్టస్ చేతిలోనే చచ్చిపోయాడు. తనను చంపాలన్న మాక్సిమియన్ బొమ్మనూ, అతనితో కలిసి ఏలుతున్న చక్రవర్తి డయోక్లీషియన్ బొమ్మనూ తన బొమ్మ పక్కనే వేయించి, ‘కరౌసియస్, అతని సోదరులు’ అని నాణెం కొట్టించిన ధైర్యం అతనిది. అలాంటివాడి నాణెం ఒక్కటైనా నా దగ్గర ఉండాలనుకున్నాను.

కొనడం తేలిగ్గానే అయిపోయింది. డిటెక్టర్‌తో తిరిగే ఒక పెద్దాయన ఆన్‌లైన్‌లో పెడితే 80 పౌండ్లకు తీసుకున్నాను. నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చింది.

అసలు బాధ ఆ తర్వాతే మొదలైంది. అసలుదో కాదో ఒకసారి అడిగి తెలుసుకుందామని శనివారం ఒక నాణేల దుకాణానికి వెళ్లాను. నా వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. కౌంటర్ వెనకున్నాయన నాణేన్ని కాటా మీద పెట్టాడు. 2.9 గ్రాములు తూగింది. “కరౌసియస్‌ది నాలుగు గ్రాములు దాటాలి” అన్నాడు. భూతద్దంతో అర నిమిషం కూడా చూడలేదు. ముక్కు దగ్గర గీత రెండుసార్లు పడిందనీ, అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయనీ, ఇది పోత పోసిన నకిలీ సరుకనీ తేల్చేశాడు. నాణెం గాజు మీద ఠంగుమని పడేసి, “మీ దేశంలో గుళ్ల బయట అమ్ముతారే, అలాంటిది” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

నాకు మాట రాలేదు. అది నా నాణెం గురించి అన్నమాట కాదు. నేను అక్కడ నిలబడటం గురించి అన్నమాట. జేబులో వేసుకుని బయటికొచ్చి బస్టాండులో చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ రాత్రే అమ్మిన పెద్దాయనకు, నకిలీది అంటగట్టారనీ డబ్బు వెనక్కి ఇవ్వాలనీ ఘాటుగా రాశాను. ఆయన ఒక్క మాట తూలకుండా, “పంపించండి, డబ్బు ఇచ్చేస్తాను. కానీ పంపేముందు ఒకసారి పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి చూడండి” అని జవాబిచ్చారు.

లైట్లార్పి, టార్చి బల్ల మీద పడుకోబెట్టి, బొరుసు వైపు ఫోన్‌తో ఫొటో తీశాను. బొరుసు మీద ఆలివ్ రెమ్మ పట్టుకుని శాంతిదేవత నిలబడి ఉంటుంది. ఫోన్‌లో ఆ ఫొటో తలకిందులైంది. చూస్తే దేవత మోకాళ్ల దగ్గర గడ్డం ఉన్న మొహం! దాని మీద కిరీటపు మొనలు, పక్కన నాలుగు అక్షరాలు. టి, ఆర్, ఐ, సి.

టెట్రికస్! గాల్‌లో, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో, అంతకు ముందు తిరుగుబాటు రాజ్యాన్ని ఏలిన వాళ్లలో ఆఖరివాడు. 274లో ఆరేలియన్‌కు లొంగిపోయాడు. కరౌసియస్ ఏలుబడి మొదట్లో సైన్యానికి జీతాలివ్వడానికి నాణేలు తొందరగా కావాలి. పాత నాణేలను కరిగించకుండా, వాటి మీదే కొత్త అచ్చు పెట్టి సుత్తితో కొట్టారు. టెట్రికస్ బిళ్ల పల్చన, అందుకే బరువు తక్కువ. పాత గీతలు, అక్షరాలు పూర్తిగా అణగలేదు, అందుకే ముక్కు రెండుసార్లు, అక్షరాలు కలగాపులగం. దుకాణం ఆయన నకిలీకి చూపించిన మూడు కారణాలూ అసలుదనానికి సాక్ష్యాలే.

అయినా నా మాట నేనే నమ్మితే సరిపోదుగా. నిన్న మా ఊరి నాణేల సంఘం సమావేశానికి తీసుకెళ్లాను. నలభై ఏళ్లుగా ఇవే చూస్తున్న ఒకావిడ పావుగంట తిప్పి తిప్పి చూసి, నేను చెప్పింది నిజమేనన్నారు. పాత బొమ్మ ఇంత స్పష్టంగా మిగలడం అరుదని కూడా అన్నారు. అక్కడున్న వాళ్లెవరూ చెప్పకముందే నేను పట్టుకున్నానని గర్వంగానే ఉంది. రాత్రే పెద్దాయనకు క్షమాపణ రాశాను.

మీరూ కొనాలనుకుంటే చిన్న కాటా, పదింతలు చూపించే భూతద్దం, టార్చి చాలు. చిలుము గోకకండి, నిమ్మరసం, చింతపండు అసలే వద్దు. ఎక్కడ దొరికిందో చెప్పలేని నాణెం ఎంత చవకైనా వదిలేయండి. సావరిన్ బంగారు నాణేలు అమ్ముకునే దుకాణానికి మాత్రం రోమన్ నాణెం తీసుకెళ్లకండి. వాళ్లకు తెలిసింది తూకం ఒక్కటే.

ఇందాకే పెట్టెలో దాని గడి కింద చీటీ రాసి పెట్టాను. పైన కరౌసియస్ అని, కింద చిన్న అక్షరాలతో టెట్రికస్ అని. పక్క గడి ఖాళీగా ఉంది. అది పడవ బొమ్మ ఉన్న అలెక్టస్ నాణేనికి.