ఎడారి దారిలో ఇంటికి

2020 మార్చి నెలాఖరు అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది 95వ నంబరు హైవే. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని క్వార్ట్‌సైట్ నుంచి ఐడహో రాష్ట్రం బోయిసీలోని మా ఇంటికి మోటార్‌హోమ్‌లో బయల్దేరాం. కరోనా వల్ల, ఇలాంటి బళ్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్లు ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. ఇంకా ఆగితే ఎక్కడ ఇరుక్కుపోతామోనని టెన్షన్.

నెవాడా పొడవునా అదే రోడ్డు. గోల్డ్‌ఫీల్డ్ వైపు జాషువా చెట్లు చేతులెత్తి నిలబడినట్టుంటాయి. గంటసేపు నడిపితే ఎదురొచ్చినవి నాలుగైదు ట్రక్కులు, అంతే. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ బండిలోనే ఉన్నాయి కాబట్టి హోటల్ గడప తొక్కే పని పడలేదు. మనుషులకు దగ్గరగా వెళ్లింది పెట్రోల్ బంకుల్లోనే. మా ఆవిడ ప్రతిసారీ పేపర్ టవల్ మడిచి చేతికిచ్చేది, పంపు హ్యాండిల్ పట్టుకోవడానికి. తిరిగి మెట్టెక్కగానే శానిటైజర్ సీసా సిద్ధం. అది అడుగంటుతుంటే మూత తీసి తలకిందులుగా పెట్టి, చుక్క చుక్కా దింపుకున్నాం.

నీళ్ల ట్యాంకు మళ్లీ ఎక్కడ నింపుకోగలమో తెలియదు. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, తర్వాత ఒక్క మగ్గు నీళ్లతో కడిగేవాళ్లం.

వాకర్ సరస్సు పక్కన ఒక రాత్రి ఆగాం. చుట్టూ ఒక్క దీపం లేదు. ఫోన్‌కి సిగ్నల్ అందగానే న్యూయార్క్ ఆసుపత్రుల వార్తలు. మా ఆవిడ ఫోన్ బోర్లా పెట్టి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. అంత నిశ్శబ్దంలో అలల చప్పుడు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

మర్నాడు తెల్లవారకముందే ఇంజన్ స్టార్ట్ చేశాను. ఒరెగాన్ మూల దాటి ఐడహోలోకి రాగానే తను ఏడ్చేసింది. నేనూ.