టికెట్ ఎప్పటికి తీసుకున్నారన్నా?

నా దవడ పన్ను రంజాన్ నెలలో మొండికేసింది. కువైట్‌లో ఇంటి డ్రైవర్‌కి ఆ నెలంతా పగలు నిద్ర, రాత్రి డ్యూటీ. ఇఫ్తార్ అయ్యాక బాబాని, అంటే ఇంటి యజమానిని, మగవాళ్లు కూడి కబుర్లాడుకునే దీవానియాలో దించాలి, మామాని, అంటే యజమానురాలిని, చుట్టాలిళ్లకు తిప్పాలి. తెల్లవారుజామున మూడింటికి గానీ స్టీరింగ్ వదలం. అట్టాంటి ఒక రాత్రి కారులో కూర్చుని ఖర్జూరం కొరికితే నొప్పి చెవిదాకా పాకింది. వంట చేసే రాజంపేట అక్క లవంగం దంచి దూదిలో చుట్టిచ్చింది. రెండ్రోజులు దాంతోనే నెట్టుకొచ్చా.

శుక్రవారం ఒక ప్రైవేటు క్లినిక్‌కి పోతే రూట్ కెనాల్, క్యాప్ కలిపి 150 దినార్లన్నారు. నా జీతం 140. అప్పటికే దినారు 270 రూపాయలు దాటింది, అంటే 40 వేల పైమాటే. మూడు నెలల్లో సెలవుందిగా, ఊళ్లో చేయించుకుందాంలే అని బిళ్లలు మింగి ఆగా. ఆగడం తప్పే. యాంటీబయాటిక్ వాపు తగ్గిస్తుంది గానీ పన్ను లోపల చెడిపోయినదాన్ని తీయలేదు. కోర్సు అయిపోతే నొప్పి మళ్లీ మొదలు. మూడు నెలలు ఒకవైపే నమిలా.

మాది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. మా ఇంటిల్లిపాదికీ పళ్లు చూసిన పెద్దాయన ఒకరు ఆత్మకూరులో ఉండేవారు. ఈసారి పోయేసరికి క్లినిక్‌కి తాళం. వయసు మీద పడిందని కూతురి దగ్గరికి వెళ్లిపోయారట. ఇరవై ఏళ్లుగా ఆలోచించాల్సిన పని లేనిది, ఇప్పుడు కొత్త డాక్టర్‌ని వెతుక్కోవాల్సొచ్చింది. నలభై అయిదు రోజుల సెలవులో పెళ్లిళ్లకీ పలకరింపులకీ పన్నెండు అప్పటికే పోయాయి.

నెల్లూరులో పళ్ల డాక్టర్లకు కొదవ లేదు. మొదట పోయింది మంచి ఏసీ ఉన్న చోటుకి. కుర్చీలో పడుకోగానే "ఏం చేస్తుంటారు?" అన్నాడాయన. నోట్లో అద్దం పెట్టుకునే కువైట్ అన్నా. అంతే, నొప్పి పన్ను పక్కకుపోయి నా ముందు పళ్లు ముందుకొచ్చాయి. ఆ పసుపు మరకలు కనబడకుండా ఆరు పళ్లకూ పైపొరలు అతికిద్దాం, ప్యాకేజీ ఉంది అన్నాడు. ఆ మరకలు మా ఊరి గుర్తులు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నా వయసు వాళ్లు నవ్వితే ఏ వైపు వాళ్లమో తెలిసిపోతుంది.

రెండో ఆయన ఎక్స్‌రే చూసి, పన్ను పీకేసి ఇంప్లాంట్ వేద్దామన్నాడు. దవడ ఎముకలో స్క్రూ పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుందట, ఆ తర్వాతే పైన పన్ను. నాకు సెలవు రెండేళ్లకోసారి. అకామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, వదులుకుని ఆరు నెలలు ఇక్కడ కూర్చుంటానా? ఆ మాటే అంటే, "వచ్చే ట్రిప్‌లో పైది పెడదాం" అన్నాడు తేలిగ్గా. రెండేళ్లు నోట్లో స్క్రూతో తిరగాలన్నమాట.

మా బావ మాత్రం చింతారెడ్డిపాళెం డెంటల్ కాలేజీకి పోదాం పదమన్నాడు. అమ్మకి పళ్ల సెట్టు అక్కడే కట్టించాం, ఖర్చు తక్కువ. పెద్ద డాక్టర్లు దగ్గరుండి చూస్తుంటే పిల్ల డాక్టర్లు చేస్తారు, ఓపిగ్గా చేస్తారు. కానీ ఎక్కువసార్లు తిరగాలి. ఊళ్లో ఉండేవాళ్లకయితే నేనూ అదే చెబుతా.

చివరికి పొగతోట సందులో, మెట్లెక్కిపోయే ఒక చిన్న క్లినిక్ దొరికింది. లేడీ డాక్టర్. అద్దం కాడతో ఒక్కో పన్ను మీదా టక్ టక్ మని కొట్టింది. నా పన్ను దగ్గరికి రాగానే కుర్చీలోంచి లేచినంత పనయింది. పాత ఎక్స్‌రే చాలదని కొత్తది తీసి, ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "టికెట్ ఎప్పటికి తీసుకున్నారన్నా?"

ముప్పై రోజులుందన్నా. కాగితం మీద లెక్కేసింది. వేరు కింద చీము ఉంది కాబట్టి శుభ్రం చేసి మందు పెట్టి ఒక వారం. తర్వాత మూసేయడం. అచ్చు తీసి క్యాప్ తెప్పించడానికి ఇంకో వారం. విమానం ఎక్కేముందు కనీసం పది రోజులు ఆ పన్నుతో ఇక్కడే నమలాలి. "పని సగంలో ఉంటే పైన గాలి ఒత్తిడికి నొప్పి రావచ్చు. క్యాప్ ఎత్తుగా ఉందని మీరు కువైట్ నుంచి ఫోన్ చేస్తే నేనేం చేయగలను?" అంది. రూట్ కెనాల్‌కి 3,500, క్యాప్‌కి 4,000 అని అదే కాగితం మీద రాసిచ్చింది.

మరి ముందు పళ్లో అన్నా. "చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పడ్డ మరకలివి, తోమినా క్లీనింగ్ చేసినా పోవు. పిప్పి లేదు, నొప్పి లేదు. మీకు నవ్వడానికి ఇబ్బందయితే వచ్చే సెలవులో చూద్దాం. ఇంట్లో పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో అది చూసుకోండి ముందు," అంది. నేను కువైట్‌లో ఏళ్ల తరబడి తాగుతున్నది సముద్రం నీళ్లను శుద్ధి చేసి ఇచ్చేవి. ఇంట్లో వాళ్లవి మాత్రం ప్లాంటు నుంచి వచ్చే క్యాన్ నీళ్లు. పిల్లల్ని పిలిచి నోరు తెరిపించి చూశా. పెద్దవాడికి సన్నగా తెల్ల గీతలు ఉన్నాయి, చిన్నదానికి లేవు.

క్యాప్ పెట్టిన తొమ్మిదో రోజు, పెట్టెలో సర్దడానికి మా ఆవిడ చెక్కలు వేస్తుంటే వేడివేడిగా ఒకటి కొరికా. క్యాప్ పెట్టిన పన్ను మిగతావాటికంటే ముందే తగిలింది. మర్నాడే బస్సెక్కి నెల్లూరు పోయా. నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమంది. క్యాప్ మీద ఆవగింజంత నీలం చుక్క పడింది. దాన్ని రెండు నిమిషాలు అరగదీసి మళ్లీ కొరికించింది. చుక్క పలచబడింది. డబ్బులు తీయబోతే వద్దంది. చెక్కలు ఇంకా మిగిలున్నాయా అని నవ్వింది. పెట్టెకి తాడు కూడా కట్టేశాం అప్పటికే.