ఇసుక ముద్ద

తాతయ్యకు గయ వెళ్లాలని ఉండేది. ఎప్పుడూ కుదరలేదు. పిఠాపురం మాత్రం వెళ్లి, పాదగయ పుష్కరిణి దగ్గర వాళ్ల అమ్మానాన్నలకు పిండాలు పెట్టి వచ్చారు. "గయాసురుడి కాళ్ల దాకా పోయొచ్చాను. తల దగ్గరికి నువ్వు పోరా" అనేవారు నాన్నతో. ఆయన సంవత్సరీకాలు అయిన మూడో నెలలో నాన్న, అమ్మ, నేను ముందు కాశీ వెళ్లి, అక్కణ్నుంచి గయకు రైలెక్కాం.

గయాసురుడి కథ నాకు తాతయ్య చెప్పిందే. ఆయన్ను తాకితే చాలు, ఎంతటి పాపికైనా వైకుంఠమే. ఇలా అయితే లోకం ఎలా నడుస్తుందని త్రిమూర్తులు బ్రాహ్మణుల వేషంలో వచ్చి, యజ్ఞం చేసుకోవడానికి నీ ఒళ్లు ఇమ్మన్నారు. ఇచ్చాడు. తల గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో. ఏడు రోజులు కదలకూడదు. కోడి కూతను బట్టి ఆయన రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఏడో రోజు తెల్లారకముందే శివుడు కోడిపుంజై కూస్తే, గడువు తీరిందనుకుని ఆయన కదిలాడు. పిఠాపురంలో స్వామికి కుక్కుటేశ్వరుడని పేరు అందుకే. కథ ఇక్కడికి రాగానే తాతయ్య నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని అచ్చం కోడిలా కూసేవారు. నాకు ఏడుపొచ్చేది.

"మోసం కదా తాతయ్యా?"

"మోసమేనే తల్లీ. మోసపోయానని తెలిశాక ఆయన ఏమడిగాడో విను. ఇక్కడ పిండం పెట్టిన వాళ్ల పెద్దలందరూ తరించాలన్నాడు. తనకోసం ఏమీ అడగలేదు."

రైల్లో పై బెర్తు మీద పడుకుని రాత్రంతా ఆ కూతే తలుచుకున్నాను. ఆయన గొంతు మర్చిపోతానేమోనని నాకు లోపల్లోపల భయం.

పొద్దున్నే ఫల్గు నది ఒడ్డుకు వెళ్లాం. ఫల్గు పైకి ఇసుక, అడుగున నీరు. ఇదివరకు చెలమ తవ్వుకుని నీళ్లు తీసుకునేవారట. 2022లో విష్ణుపాద ఆలయం దగ్గర రబ్బరు డ్యామ్ కట్టాక ఘాట్ దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. నాన్న మునిగి, తడిబట్టలతోనే తర్పణాలకు కూర్చున్నారు. పురోహితుడు తెలుగువారే, తొందరపెట్టకుండా ఒక్కో మాటకూ అర్థం చెప్పి చేయించారు. ఆ జనంలో అంత ఓపిక దొరకడం మా అదృష్టం.

మూడు తరాల పెద్దల పేర్లు చెప్పమన్నారు, ఒక్కో తరానికీ ఒక్కో దేవతా రూపం. మొదట తాతయ్య పేరు, వసురూపం. ఆయన నాన్న, రుద్రరూపం. తాతయ్యకు తాత, ఆదిత్యరూపం. మా ఇంట్లో తాతయ్య తద్దినాలు పెట్టినన్నాళ్లూ మొదటి పేరు వాళ్ల నాన్నది. ఇప్పుడు అందరూ ఒక మెట్టు పైకి జరిగారు. అప్పటిదాకా మూడో మెట్టు మీదున్న ఆయన పేరు వరసలోంచి వెళ్లిపోయింది. ఆ పేరు ఏమిటో నాన్నకు ఎంతకీ గుర్తు రాలేదు. తాతయ్యను అడిగి ఒక్క కాగితం మీద రాసిపెట్టుకోలేకపోయామే అని నేనిప్పటికీ బాధపడుతున్నాను. పేరు తెలియని వాళ్లకూ, నా అన్నవాళ్లు లేనివాళ్లకూ కూడా ఇక్కడ పిండం ఉంటుందని పురోహితుడు చెప్పాక నాన్న కాస్త తేరుకున్నారు.

విష్ణుపాద ఆలయం ఇప్పుడున్నది 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించినది. లోపల వెండి తొడుగు వేసిన ఎనిమిది పలకల గట్టు, మధ్యలో నల్లరాతి మీద స్వామి పాదం. పిండాలూ, నువ్వులూ, తులసీ పడి పాదం సరిగ్గా కనపడలేదు. ఒకాయన నీళ్లు పోసి తుడిచినప్పుడు ఒక్క క్షణం వేళ్లు కనిపించాయి. అంతలోనే నాన్న పెట్టిన పిండం వాటిని కప్పేసింది.

అక్షయవటమనే మర్రిచెట్టు కింద ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు ఇక తినకుండా వదలమన్నారు. చాలామంది ఇష్టం లేనివి వదులుతారు. నాన్న మాత్రం జామపండు అన్నారు. తాతయ్య పెరట్లో జామపండు కోస్తే, జేబులో చాకుతో ముక్కలు చేసి, మొదటి ముక్క ఎప్పుడూ నాన్నకే ఇచ్చేవారు, నాన్నకు యాభై ఏళ్లు దాటాక కూడా.

అన్నీ అయ్యాక సాయంత్రం వంతెన మీదుగా అవతలి ఒడ్డున సీతాకుండానికి నడిచాం. రాముడు పిండం సామగ్రి కోసం వెళ్లి ఆలస్యమైతే, దశరథుడు చెయ్యి చాచి అడిగాడట. సీతమ్మ దగ్గర ఏమీ లేక ఇసుకతోనే పిండం పెట్టింది. తర్వాత రాముడు అడిగితే ఫల్గు అబద్ధపు సాక్ష్యం చెప్పిందని సీతమ్మ శపించింది, నది ఇసుక కిందకు పోయింది. నిజం చెప్పిన మర్రిచెట్టే అక్షయవటం. ఈ కథలో మామగారికి పిండం పెట్టింది కోడలు. పొద్దుట్నుంచీ ఒక పక్కన నిలబడి అన్నీ అందిస్తూ ఉన్న అమ్మ, ఇది వినగానే చీర కుచ్చిళ్లు దోపుకుని వంగి గుప్పెడు ఇసుక తీసుకుంది.

చివరి ఎనిమిది నెలలు తాతయ్య అమ్మ చేతి ముద్దే తిన్నారు. అన్నం మెత్తగా పిసికి, చారు పోసి, నిమ్మకాయంత ముద్దలు చేసి పెట్టేది. మేమెవరం పెట్టినా నోరు తెరిచేవారు కాదు.

ఇసుక పొడిగా ఉంది, ముద్ద నిలవలేదు. రెండుసార్లు విరిగిపోయింది. నాన్న చెంబుతో కొంచెం నీళ్లు పోశారు. అమ్మ నాలుగు వేళ్లతో, బొటనవేలితో అదిమి, అంచులు సరిచేసి, అదే నిమ్మకాయంత ముద్ద చేసింది. కింద పెట్టి, చెయ్యి వెంటనే తీయలేదు.

"ఇంకొక్క ముద్ద, మావయ్యగారూ" అంది.

రోజూ మంచం పక్కన కూర్చుని అన్నట్టే అంది.