రాత్రి మేలుకుని ఉండేదెవరు?

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా హోమ్ ముందు నుంచి రోజూ నడిచివెళ్ళే వాళ్ళకు కూడా అది వృద్ధులుండే ఇల్లని తెలియదు. బోర్డు ఉండదు. ముందు నిమ్మచెట్టు, గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుగా కట్టిన దారి, అంతే. ఇలాంటి వాటిని ఇక్కడ బోర్డ్ అండ్ కేర్ అంటారు. ఆరుగురికి మించకపోతే కాలిఫోర్నియా చట్టం దీన్ని మామూలు కాపురాల ఇంటిలాగే చూస్తుంది. అందుకే ఇళ్ళ మధ్యలోనే ఉంటుంది. లైసెన్సు ఇచ్చేది, తనిఖీకి వచ్చేది రాష్ట్ర ప్రభుత్వం.

మా అమ్మాయి పిలిపించుకుంటే 2017లో వచ్చాను. తెనాలి దగ్గర అంగన్‌వాడీలో ఏళ్ళ తరబడి పిల్లల్ని చూసుకున్నదాన్ని, ఊరికే కూర్చోలేకపోయాను. వేలిముద్రలిచ్చి, టీబీ పరీక్ష చేయించుకుని, 40 గంటల శిక్షణకు చేరాను. అందులో సగం పూర్తయితే గానీ ఎవరినీ ఒంటరిగా చూసుకోనివ్వరు.

నాకు పని నేర్పింది మాత్రం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెద్దావిడ. ఆమెను ఆతే అంటాను. వాళ్ళ భాషలో అక్క అని. నడుముకు బెల్టు కట్టి మనిషిని ఎలా లేపాలో, మింగలేని వాళ్ళకు నీళ్ళలో పొడి కలిపి ఎంత చిక్కగా ఇవ్వాలో ఆమే చూపించింది. మందుల అలమారాకు ఎప్పుడూ తాళం ఉండాలి. మాత్రలు అందిస్తాం కానీ ఇన్సులిన్ ఇంజెక్షన్ మేం చేయకూడదు. వాళ్ళే చేసుకోవాలి, లేదంటే నర్సు రావాలి.

ఒక చైనా పెద్దాయన ఉన్నారు. మతిమరుపు ముదిరి ఇంగ్లిషు పూర్తిగా పోయింది, చిన్నప్పటి కాంటనీస్ భాష ఒక్కటే మిగిలింది. వాళ్ళమ్మాయి కొన్ని మాటలు కాగితం మీద రాసి గోడకు అంటించింది. వాటి పక్కన నేను తెలుగులో రాసుకున్నాను. సోయ్ అంటే నీళ్ళు. తుంగ్ అంటే నొప్పి. ఆ రెండు మాటలు తెలిశాక మా ఇద్దరికీ చాలా టెన్షన్ తగ్గింది. అంతకుముందు ఆయన చెయ్యి విసిరితే కోపమనుకునేవాళ్ళం. అది భుజం నొప్పి.

ఇంతకుముందు వేరే హోమ్‌లో చేశాను. రాత్రికి నేనొక్కదాన్నే. పగలంతా పనిచేసి అక్కడే పడుకోవాలి, ఎవరైనా పిలిస్తే లేవాలి. ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి లేచేసరికి ఒక మామ్మగారు బాత్రూం గుమ్మంలో పడి ఉన్నారు. తుంటి విరిగింది. ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఎంతసేపు పిలిచారో, నాకు వినిపించలేదు. ఆమె మళ్ళీ నడవలేదు. రూల్ ప్రకారం ఒక మనిషి ఇంట్లో ఉన్నారు కదా అన్నారు యజమాని. నిజమే, పదహారు మంది కంటే తక్కువుంటే రాత్రి ఒకరు ఇంట్లో ఉండి, పిలిస్తే పలికితే చాలు. మతిమరుపున్న వాళ్ళకు రాత్రి కాపలా అవసరమని తేలితేనే మేలుకుని ఉండే మనిషిని పెట్టాలి. ఆ అవసరం ఉందని మామ్మగారి విషయంలో ఎవరూ తేల్చలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఆ నెలాఖరుకే అక్కడ మానేశాను.

తల్లిదండ్రుల కోసం హోమ్ చూడటానికి మన తెలుగువాళ్ళూ వస్తుంటారు. శాకాహారం వండుతారా, తెలుగు ఛానెళ్ళు వస్తాయా, నెలకెంత అని అడుగుతారు. పెద్దవాళ్ళకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్, ఈ ఖర్చు ఇవ్వదని తెలిసి కంగారుపడతారు. అవన్నీ అడగాల్సినవే. నేను మాత్రం గుమ్మం దాకా వెళ్ళి చెబుతాను: "బాబూ, ఏ హోమ్‌కి వెళ్ళినా, రాత్రి మేలుకుని ఉండేదెవరో అడగండి. వీలైతే రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వచ్చి చూడండి." పగలు పదకొండింటికి ఏ హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు నాది రాత్రి డ్యూటీ, నిద్రపోని డ్యూటీ. అడిగి మరీ తీసుకున్నాను. కదలలేని ఇద్దరిని పడకపుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలిస్తాను. నిన్న రాత్రి రెండున్నరకు పెద్దాయన గదిలోంచి "తుంగ్" అని సన్నగా వినిపించింది. వెళ్ళి భుజం కింద దిండు సర్ది, "ఇప్పుడు బాగుందా బాబాయ్" అన్నాను. ఆయనకు తెలుగు రాదు. నా వేలు పట్టుకుని, "సోయ్" అన్నారు. చిక్కగా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టాను.